లామినేషన్ చేయించిన నిజాయితీ

మే నెల ఎండలో, సరిగ్గా భోజనాల వేళకు, ముందు కబురేదీ లేకుండా, మెడకు టై బిగించుకొని నల్లగొండలో ఒకరి ఇంటి తలుపు తట్టే మనిషి ఎందుకు వచ్చాడో పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. మా ఇంటికి వచ్చినవాడు మా బామ్మర్ది. కంచం ముందు కూర్చోకముందే సంచిలోంచి లామినేషన్ చేయించిన కాగితమొకటి తీసి, “గిది మనుషుల్ని చేర్పించే చైన్ కాదు బావా, డైరెక్ట్ సెల్లింగ్. దుకాణం లేకుంట సీదా మనిషికే అమ్ముడు. అంతా లీగల్. జీఎస్టీ సర్టిఫికెట్ గూడ ఉన్నది, సూడు” అన్నాడు.

భక్తితో చూశాను. జీఎస్టీ నంబరు ఉన్నదంటే పన్ను కట్టడానికి పేరు నమోదైందని మాత్రమే అర్థం. అదే నిజాయితీకి రుజువైతే, గడియారం సెంటర్‌లో బకెట్లు అమ్మే సేటు కూడా నా చేత పదిహేను వేలు కట్టించుకొని, నా కింద మరో ఆరుగురు బకెట్లు కొనేవాళ్లను వెతుక్కురమ్మనవచ్చు. పాపం, ఆయనకు ఆ ఆలోచన రాలేదు. బకెట్లు అమ్ముకొని బతుకుతున్నాడు.

ఇంతలో మా గోడ క్యాలెండర్ వెనుకవైపు సున్నాలు వెలిశాయి. పైన నేను, నా కింద ఆరుగురు, వారి కింద ముప్పై ఆరుగురు. అతడు మూడో వరుస దగ్గర, 216 వద్ద, పెన్ను ఆపి నా వైపు గర్వంగా చూశాడు. ఆపవద్దని బతిమాలాను. తొమ్మిదో వరుసకు ఆ ఒక్క వరుసలోనే కోటి మందికి పైగా తేలారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నల్లగొండ జిల్లా జనాభా, ఉయ్యాలలోని పసిపిల్లలతో సహా, 35 లక్షల లోపే. మిగిలినవారి కోసం నాగార్జునసాగర్ చేపలకు సభ్యత్వం ఇవ్వవచ్చా అని అడిగితే, “నీది నెగిటివ్ మైండ్‌సెట్ బావా” అని పప్పు వడ్డించుకున్నాడు.

అంచెలంచెల అమ్మకమంతా నేరమని నేననను. 2021 డిసెంబరులో వచ్చిన కేంద్ర నిబంధనలు డైరెక్ట్ సెల్లింగ్‌ను ఒప్పుకొంటూనే, కొత్తగా చేరేవారి డబ్బుతో పైవారికి లాభం పంచే పిరమిడ్ పథకాలను నిషేధించాయి; గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా కొనుగోలుదారు ఇంటికి పోరాదని కూడా చెప్పాయి కనుక, మా బామ్మర్ది గుమ్మంలోనే తప్పు చేశాడు. డబ్బు తిప్పుడు పథకాలను నిషేధించే చట్టమైతే 1978 నుంచే ఉన్నది. పెద్దపేర్లకూ ఈ గీత తేలిక కాలేదు: డైరెక్ట్ సెల్లింగ్‌లో పేరుమోసిన అమెరికా కంపెనీ ఆమ్వే పద్ధతి పిరమిడ్ కాదని 1979లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చగా, అదే కంపెనీ ఇక్కడ నడిపిన పథకం 1978 చట్టం కిందికి వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అన్నది. అయినా అడగవలసింది ఒక్కటే: రేపటి నుంచి కొత్తగా ఒక్కరూ చేరకపోతే, గొలుసులో లేని మనిషి ఆ సరుకును ఆ ధరకు కొంటాడా? కొంటే వ్యాపారం. కొనకపోతే, కింద చేరినవాడి జేబులో డబ్బే పైవాడికి కమీషన్.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ బామ్మర్ది గొలుసులో మూడో సున్నా ఎవరో తెలిశాక నాకు ముద్ద దిగలేదు. మర్రిగూడ వైపు మా పెద్దమ్మ. ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు వంకరపోయిన మనిషి. నీళ్లలో నాలుగు చుక్కలు వేసుకుంటే ఎముకలు సరవుతాయని చెప్పి ఆమె చేత మహిళా సంఘంలో అప్పు తీయించారు. సిగ్గులేని వెధవలు! తరాల తరబడి నీళ్లే విషమై నడుములు వంగిన ఊళ్లలోకి పోయి, ఆ నీళ్ల పేరే చెప్పి దోచుకోవడానికి మనుషులకు చేతులెలా వచ్చాయి? అమ్మినవాడు సొంత రక్తమైతే మాత్రం ఏమి, వాడి టైతోనే వాడిని గుంజకు కట్టేయాలి.

మరునాడు ఊరికి పోయాను. మంచం కింద మూత తీయని సీసాలు పద్దెనిమిది. పక్కనే, గోడకు మేకు కొట్టి, అదే లామినేషన్ కాగితం. పెద్దమ్మ మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, గొంతు తగ్గించి అడిగింది: “నాకింక నలుగురు తక్కువ పడ్డరంట బిడ్డా. నీకు ఎరుకైనోళ్లు ఎవలన్న ఉన్నరా?”