సూదిమొన గారికి, మీ మూతి తుడిచే చేతి నుంచి

గౌరవనీయులైన 21 గేజ్ సూది గారికి నమస్కారాలు.

తమరు క్షేమమే అయ్యుంటారు, ఎందుకు ఉండరు, ఇందాకే కదా పద్నాలుగోసారి తమరి మూతి ఎథనాల్‌తో తుడిచి వచ్చా. క్షేమం లేనిది నాకు, కరెంటుతో ద్రావణాన్ని దారంలా లాగే ఈ ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో తమరి మొన నుంచి వచ్చిన సన్నటి పీచు పరుచుకున్న నా మ్యాట్‌కి.

జిర్కోనియం ప్రొపాక్సైడ్ కొలిచి, అసిటిక్ యాసిడ్ పోసి, 13 లక్షల మాలిక్యులర్ వెయిట్ ఉన్న పీవీపీ అనే పాలిమర్‌ని ఎథనాల్‌లో వేసి రాత్రంతా తిప్పి, బుడగలు పోయేదాకా ఆగి సిరంజిలోకి ఎక్కించా. 18 కిలోవోల్టులు, తమరి నుంచి పీచు పోగయ్యే కలెక్టర్‌కి 15 సెంటీమీటర్ల దూరం, గంటకి 0.5 మిల్లీలీటరు, అంతా తమరి చిత్తం ప్రకారమే. అయిదు గంటలు ఎంత బుద్ధిగా నడిచారండీ, నేను ఎదురుగా కూర్చుని గుడ్లప్పగించి చూస్తున్నా కాబట్టి నడిచారని నాకప్పుడు తట్టలేదు. ఫోనొచ్చి అలా బయటికెళ్లా, పట్టుమని పది నిమిషాలు, తిరిగొచ్చేసరికి తమరి మూతికి తెల్లటి గడ్డం, మ్యాట్ నట్టనడుమ ఒక చుక్క.

ఒక్కటే చుక్క. దానికింత రాద్ధాంతమా అనొచ్చు బయటివాళ్లు. ఫర్నేస్‌లో పెట్టి చూడండి తెలుస్తుంది, ఆ చుక్క పెంకులా బిగుసుకుని చుట్టూ ఉన్న పీచునంతా తనవైపు లాక్కుంటుంది, చీలిక సరిగ్గా అక్కడే మొదలవుతుంది. నిమిషానికి 1 డిగ్రీ చొప్పున 800 దాకా ఎక్కడానికే 13 గంటలు. పాలిమర్ అంతా కాలిపోయి, పెట్టిన బరువులో సగం కూడా మిగలక, ఆఖరికి తలుపు తీస్తే మూడు ముక్కలు. బూడిదలో పోసిన పన్నీరు అనే మాట ఎవడు పుట్టించాడో గానీ వాడు కచ్చితంగా సిరామిక్ ఫైబర్ మీద పనిచేసినవాడే.

తప్పెవరిదో తేల్చుదామని లాగ్‌బుక్ తీశా. సూది కోసం సోదికెళ్తే పాతవన్నీ బయటపడ్డట్టు, మొన్న తేమ 62 శాతం ఉన్నా ఛాంబర్ మూసి నడిపించింది నేనే, మూత సరిగ్గా పెట్టని ప్రొపాక్సైడ్ బాటిల్‌దీ నా చేతిరాతే. సరే ఒప్పుకుంటా. గాల్లో చెమ్మ తగిలితే గడ్డకట్టడం ఆ ద్రావణం జాతకం, పైగా ఎథనాల్ ఎగిరిపోయి మొన మీద తోలు కడుతుంది. కానీ పవర్ సప్లై ఇచ్చింది, పంప్ ఇచ్చింది, అడ్డుపడింది మాత్రం తమరు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

తమరి మొన దగ్గర చుక్క శంకువులా సాగుతుందనీ దాని సగం కోణం 49.3 డిగ్రీలనీ టేలర్ అనే శాస్త్రవేత్త 1964లోనే లెక్క తేల్చాడు. నాకు కనపడేది శంకువు కాదు, జలుబు చేసిన ముక్కు. అంతకుముందు 1902లో, కరెంటుతో ద్రవాన్ని చిమ్మించే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాయన పేరు కూలీ. పేరు ఆయనది, కూలి మాత్రం నాది.

ఇంకో సంగతి. చదివిన పేపర్లన్నిటిలో ఒకటే పాట, పూసలు లేని నున్నటి ఫైబర్లు వచ్చాయని. ఎలా వచ్చాయి బాబూ? ప్రతి పావుగంటకీ వోల్టేజ్ ఆపి, ఎర్త్ రాడ్ తాకించి, తలుపు తీసి, టిష్యూతో తుడిచి, మళ్లీ మూసి మళ్లీ పెంచామని మెథడ్స్‌లో ఒక్కడంటే ఒక్కడు రాయడే! కలెక్టర్ వేగం రాస్తారు, ఫర్నేస్ మోడల్ నంబర్ రాస్తారు, తుడిచినవాడి సంగతి రాయరు.

తమరూ గిమరూ ఇక నా వల్ల కాదు. నువ్వే. నువ్వేమనుకుంటున్నావ్ అసలు? సూదే లేకుండా తిరిగే రోలర్ మీంచి పీచు లాగే మెషిన్లున్నాయి తెలుసా, రేపే నిన్ను చెత్తలో పడేసి అది తెస్తా... అని అందామనుకున్నా. కానీ ఆ రోలర్ మునిగే తెరిచిన తొట్టెలో ఈ ప్రొపాక్సైడ్ పోస్తే నీకు మొనే గడ్డకట్టింది, దానికి తొట్టె మొత్తం కడుతుంది. అది నీకూ తెలుసు, అందుకే ఆ పొగరు.

పోనీ అనడానికి ఒకటుంది. లైట్ ఆర్పి పక్క నుంచి టార్చ్ వేసినప్పుడు, నీ మొన నుంచి కాస్త దూరం నిటారుగా వచ్చి అక్కడినుంచి సుడులు తిరుగుతూ మాయమైపోయే ఆ దారాన్ని చూశా, వెంట్రుకలో రెండు వందలో వంతు కూడా ఉండదు, అదే రేపు 2700 డిగ్రీలకి గానీ కరగని జిర్కోనియా అనే సిరామిక్ అవుతుంది. దాని సందుల్లో గాలి ఇరుక్కుని కదలదు కాబట్టే వేడి అవతలికి పోలేదు. అలాంటిది ఇంకే సూదీ నాకు ఇవ్వలేదు. కుట్టు సూది కూడా.

రేపు తేమ 40 లోపే అంటోంది మీటర్. ఎనిమిదింటికొస్తా, టిష్యూ పెట్టె కొత్తది తెస్తా. ఫోన్ మాత్రం బయటే వదిలేస్తా, అది మోగడం నీకు బాగా వినపడుతున్నట్టుంది.

ఇట్లు,
టిష్యూ పట్టుకున్నవాడు