'నాకు ముందే అనిపించింది' గారికి బహిరంగ లేఖ

అయ్యా 'నాకు ముందే అనిపించింది' గారూ,

కోనసీమ నుంచి నమస్కారాలండి. తమరి క్షేమం అడగక్కర్లేదు. ఏ సంబంధం చెడినా, ఏ చెరువులో రొయ్య తేలిపోయినా అందరికంటే ముందొచ్చి పీట వేసుక్కూర్చునేది తమరే. ముందంటే, జరిగాక ముందు. జరగకముందు తమరిని చూసినవాడు ఈ చుట్టుపక్కల లంకల్లో ఒక్కడూ లేడు.

ఈ ఉత్తరానికి కారణం ఒక సినిమా. 2002లో వచ్చిన 'ది మాత్‌మ్యాన్ ప్రొఫెసీస్'. రిచర్డ్ గేర్ ఉన్నాడు కదా అని మా బావ పెట్టాడు. హీరో విలేకరి. భార్య కారు నడుపుతూ ఏదో రెక్కల ఆకారాన్ని చూసి ప్రమాదం చేస్తుంది, ఆ తర్వాత మెదడులో కణితితో పోతుంది. రెండేళ్ళకి ఆయన ఎక్కడికో బయల్దేరి, గంటన్నరలో 400 మైళ్ళ అవతల, ఒహాయో నది ఒడ్డున పాయింట్ ప్లెజెంట్ అనే ఊళ్ళో తేలతాడు. అక్కడ ఒకాయన 'మూడు రాత్రుల్నించీ వచ్చి నా తలుపు కొడుతున్నావు' అని తుపాకీ గురిపెడతాడు. పోలీసావిడ కలలోకి 37 అనే అంకె వస్తుంది. ఫోన్లో ఒక గొంతు వస్తుంది, అది మనిషి గొంతు కాదంటారు. నది మీద ఘోరం జరుగుతుందని కబురొస్తే, హీరో కెమికల్ ఫ్యాక్టరీ పేలిపోతుందని అందర్నీ కంగారు పెడతాడు. చివరికి కూలింది బ్రిడ్జి. 36 మంది పోయారు. హీరో నీళ్ళలోంచి లాక్కురాకపోతే పోలీసావిడ 37.

అయిపోయాక ఇంట్లో ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం. రెక్కలాయన దేవుడా, దయ్యమా? కాపాడ్డానికొచ్చాడా, వేడుక చూడ్డానికొచ్చాడా? ఎవరికీ అంతు చిక్కలేదు. అప్పుడు బావ కాళ్ళు బారచాపుకుని, "బ్రిడ్జి పోతుందని నాకు ముందే అనిపించింది బావా" అన్నాడు. అంతే, నాకు సినిమా మొత్తం అర్థమైపోయింది. ఆ రెక్కలాయన ఎవరో కాదండి, తమరే.

కాదనకండి, పద్ధతి అదే కదా. నది అంటారు గానీ బ్రిడ్జి అనరు. ఘోరం అంటారు గానీ తారీఖు చెప్పరు. ఎత్తు మీదున్నవాడికి దూరం కనబడుతుంది, అంతమాత్రాన వాడు దేవుడైపోడు అని సినిమాలో ఒక పెద్దాయన తమరి తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. బాగానే ఉంది. మా ఊళ్ళో కొబ్బరి దింపు తీసేవాడూ ఎత్తు మీదే ఉంటాడండి. గెల నరికేముందు "తప్పుకో" అని కిందవాడికి కేకేస్తాడు. గెల పడ్డాక దిగొచ్చి, నీ తల మీద పడుతుందని నాకు అనిపించింది సుమా అనడు.

తమరికంటే బల్లి నయం. దానికి పంచాంగంలో పట్టికైనా ఉంది. తల మీద పడితే ఒక ఫలితం, భుజం మీద పడితే ఒకటి, మగవాళ్ళకి వేరే, ఆడవాళ్ళకి వేరే. నమ్మినా నమ్మకపోయినా వెతుక్కోడానికి ఒక పేజీ ఉంది.

ఆమధ్య కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కబోతుంటే ఎవరో తుమ్మారని మా అత్తయ్య ఆగిపోయింది. కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగేలోపు పంటు వెళ్ళిపోయి, ఎంచక్కా ముక్తేశ్వరం రేవుకి చేరింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ వెళ్ళాల్సిన పెళ్ళిలో మాత్రం రెండో బంతి కూడా లేచిపోయింది. ఈ తుమ్ము తమరి ఖాతాలో ఎక్కడైనా రాసుకున్నారా? రాసుకోరు. అదే పంటు నడిమధ్య ఆగిపోయి ఉంటే మా నాలుగు తరాలకీ ఆ తుమ్ము కథ చెప్పించేవారు.

1996 నవంబరు 6 తుఫాను తర్వాత తమరు తొక్కని గుమ్మం లేదండి. కుక్క ఏడ్చిందన్నారు, కాకి వేళగాని వేళ అరిచిందన్నారు. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవాళ్ళు కూడా అన్నారు. వాళ్ళని నేనేమీ అనను, అంతటి దెబ్బకి ఏదో ఒక కారణం కావాలి మనిషికి. తమరిని మాత్రం అంటాను.

ఎందుకంటే మాకు హెచ్చరికలు లేక కాదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంతకుముందే భద్రాచలంలో 43, 48, 53 అడుగుల లెక్క వినబడుతూ ఉంటుంది. అక్కడి నీరు ఇక్కడికి దిగేలోపు గొడ్లని ఏటిగట్టు మీదికి తోలుకోవచ్చు. ఇంత శుభ్రంగా అంకె చెబితే ఎవడికీ టెన్షన్ ఉండదు. మూడో హెచ్చరిక ఇచ్చారంటే పిల్లల్ని బండెక్కించుకుని నీళ్ళు చూడ్డానికి గట్టు మీదికి బయల్దేరతారు, అక్కడ బజ్జీల బండి కూడా ఉంటుంది. అదే రాత్రి గుడ్లగూబ అరిస్తే తలుపులు బిగించుకుంటారు. ఆ గేజి మీద కూడా రెండు రెక్కలు అతికిస్తే వింటారేమో!

అన్నట్టు, ఆ బ్రిడ్జి నిజంగానే కూలింది. 1928లో కట్టిన సిల్వర్ బ్రిడ్జి, 1967 డిసెంబరు 15 సాయంత్రం. పోయినవాళ్ళు 46 మంది. దాన్ని మోసే ఇనుప కమ్మీల్లో ఒకదానికి కన్నం దగ్గర రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులు. జాయింటు విప్పితే తప్ప కనబడని చోట, ఏళ్ళ తరబడి పెరిగింది. దర్యాప్తులో ఇదంతా తేలింది. సినిమా చివర మాత్రం కారణం పూర్తిగా తేలలేదని అక్షరాలు వేశారు. తేలిపోతే తమరి గిరాకీ పోతుంది కదా. ఆ ఘోరం తర్వాతే అమెరికాలో వంతెనల తనిఖీకి దేశమంతటికీ కలిపి నిబంధనలు పెట్టారు. వాటిలో తమరి సంతకం ఎక్కడా లేదు.

కాబట్టి మనవి ఏమిటంటే, ఈ వానాకాలం మా వైపు రాదలిస్తే వరదకి ముందు రండి. గట్టుకి ఏ మలుపులో గండి పడుతుందో, కనకాయలంక కాజ్‌వే ఏ పూట మునుగుతుందో చెప్పండి. చెప్పలేకపోతే బజ్జీ తిని వెళ్ళండి, మర్యాదలో లోటు రానివ్వం, ఆయ్.

ఈ ఉత్తరం పంపొద్దని అత్తయ్య పోరు పెడుతోంది. పొద్దున్నించీ ఆవిడకి కుడికన్ను అదురుతోందిట. ఏం జరుగుతుందంటావు అత్తయ్యా అని అడిగితే, జరిగాక చెబుతానంది.

ఇట్లు,
లంకలో ఒకడు