ఏమీ దొరకలేదు కదా!

మా షాపుకు ఒక పెద్దమనిషి వచ్చాడు. పేరు అక్కర్లేదు, స్టాప్‌వాచ్ సారు అనుకుందాం. చేతిలో స్టాప్‌వాచ్, చంకలో ఫైలు. మా పని విమానాల కాళ్లను చూడటం, ఆయన పని మమ్మల్ని చూడటం. మూడు రోజులు కన్నార్పకుండా చూసి, నాలుగో రోజు పొద్దున్నే మా పెద్దాయన్ని పిలిచి ఒక ప్రశ్న అడిగాడు.

"ఈ మూడు రోజుల్లో ఎన్ని పగుళ్లు దొరికాయి?"

"ఒక్కటీ దొరకలేదు సార్."

"ఏమీ దొరకలేదు కదా! మరి ఇంతసేపూ ఏం చేశారు?"

ముప్పై ఏళ్లు చీకటి గదిలో పనిచేసిన మనిషి నోట మాట రాలేదు. తేలు ఉందేమోనని చెప్పు దులిపి తొడుక్కునేవాణ్ని పట్టుకుని, "ఏదీ, తేలు చూపించు, లేకపోతే దులిపిన సమయానికి లెక్క చెప్పు" అంటే ఎవరికి మాత్రం వస్తుంది? నాకు మాత్రం ఆ ప్రశ్న తెగ నచ్చింది. ఇన్నాళ్లూ మనం తప్పుగా ఆలోచించామని ఆ క్షణాన అర్థమైంది. పగులు దొరికితే పని జరిగినట్టు, దొరక్కపోతే పొద్దు పుచ్చినట్టు. ఇంత తేలిక లెక్క ఉండగా లోహశాస్త్రం దేనికి?

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. విమానం నేల మీద వాలేటప్పుడు ఆ బరువంతా మోసేది ల్యాండింగ్ గేర్. సుమారు పదేళ్లకోసారి దాన్ని ఊడదీసి ఓవర్‌హాల్‌కు పంపుతారు. మేం విడగొట్టి, రంగూ పూతా ఒలిచి, పగుళ్ల కోసం వెతికి, మళ్లీ పూత పెట్టి బిగిస్తాం. పెద్ద భాగాల్లో ఎక్కువగా వాడేది 300ఎం అనే ఉక్కు. చదరపు మిల్లీమీటరుకు 190 కిలోలు వేలాడదీసినా తెగదు. అలాంటి బలశాలికి పగులు సోకిందంటే మాత్రం ఓర్పు తక్కువ. బలంగా లాగుతున్న చోట కొద్ది మిల్లీమీటర్ల పగులు చాలు, ఇక అది పెరగదు, విరుగుతుంది. అందుకని విరగకముందే పట్టుకోవాలి. అదీ మా ఉద్యోగం. అంటే సారు లెక్కలో కాలక్షేపం.

ఇప్పుడు ఆ చీకటి గది సంగతి చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఉక్కు సిలిండర్‌ను అయస్కాంతంగా మార్చి, సన్నటి ఇనుప రేణువులు కలిపిన నూనెను దాని మీద పారిస్తాం. పగులున్న చోట అయస్కాంత క్షేత్రం బయటికి చిమ్ముతుంది. రేణువులు అక్కడ గుమిగూడతాయి. వాటికి మెరిసే రంగు పూసి ఉంటుంది కాబట్టి చీకట్లో అతినీలలోహిత దీపం పట్టుకుంటే పగులు పచ్చటి గీతలా వెలుగుతుంది. ఆ గీతను మేం ఇండికేషన్ అంటాం, ఆ దీపాన్ని బ్లాక్ లైట్ అంటాం. స్టాప్‌వాచ్ సారు ఈ గదిలోకి స్వయంగా వేంచేశారు.

వస్తూనే, "లైటు వేయండయ్యా, ఏమీ కనిపించడం లేదు," అన్నారు.

"లైటు వేస్తేనే కనిపించదు సార్," అన్నాడు పెద్దాయన.

సారు నవ్వారు, పైవాళ్లు కిందివాళ్ల అజ్ఞానానికి నవ్వే నవ్వు. పెద్దాయన కదలకుండా నిలబడ్డాడు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కనీసం ఒక నిమిషం ఆగి ఆ తర్వాతే చూడాలని ప్రమాణాల్లో రాసి ఉంది. ఆ నిమిషాన్ని సారు స్టాప్‌వాచ్‌తో కొలిచారు. ఫైల్లో ఏం రాసుకున్నారో తర్వాత చూశాను: "చీకట్లో ఊరక నిలుచుట, 1 నిమిషం. తొలగించవచ్చును."

అప్పుడు పెద్దాయన దీపం వెలిగించాడు.

ముందుగా వెలిగింది సారు చొక్కా. తెల్లబట్ట మరీ తెల్లగా కనబడాలని సబ్బుపొడుల్లో కలిపే పదార్థం ఒకటుంది, ఈ దీపం కింద అది నీలంగా మండినట్టు మెరుస్తుంది. అందుకే మేం ముదురు రంగు కోట్లు వేసుకుంటాం, తెల్ల చొక్కా గదిలోకి రానివ్వం. సారు చొక్కా ఉత్సవమూర్తిలా వెలుగుతూ గది గోడలన్నిటికీ కాంతి పంచింది. ఆ వెలుగులో సిలిండర్ మీద పగులున్నా కనిపించదు. తర్వాత పళ్లు వెలిగాయి. నోరు మూసుకుంటే బాగుండునని పెద్దాయన మర్యాదగా చెప్పలేకపోయాడు.

అంతలో సారు కళ్లద్దాలు నల్లబడ్డాయి. ఎండలోకి వెళితే వాటంతటవే నల్లబడే రకం అవి. ఈ దీపం వాటికి ఎండతో సమానం. అందుకే తనిఖీలో వాటిని నిషేధించారు. చీకటి గదిలో నల్లద్దాలు పెట్టుకుని, తనొక్కడే దీపస్తంభంలా వెలుగుతూ, సారు చేతులు చాచి తడుముకుంటూ ముందుకొచ్చారు. తడిమింది ఎక్కడ? నూనె కారుతున్న సిలిండర్ మీద. ఆ చేత్తో ముక్కు తుడుచుకున్నారు. టై సర్దుకున్నారు. ఫైలు పట్టుకున్నారు. నుదుటి చెమట కూడా అద్దుకున్నట్టున్నారు. చూస్తుండగానే ముక్కు కొసన ఒక పచ్చటి చుక్క, టై ముడి మీద నాలుగు వేళ్లు, చెవి పక్కన ఒక గీత.

"నాకేమీ కనిపించడం లేదు," అన్నారు సారు.

"మాకు కనిపిస్తోంది సార్," అన్నాడు పెద్దాయన.

ఆ వారమంతా మా షాపులో దొరికిన ఇండికేషన్ అదొక్కటే.

బయటికి రాగానే సారు రెండో సంస్కరణ ప్రకటించారు. మేం ప్రతి సిలిండర్‌నూ రెండు దిక్కుల్లో, ఒకసారి నిలువుగా, ఒకసారి చుట్టూతా, అయస్కాంతీకరిస్తాం. ఒకసారి చేశాక మళ్లీ ఎందుకని ఆయన ప్రశ్న. క్షేత్రానికి అడ్డంగా ఉన్న పగులే బయటపడుతుంది, క్షేత్రం వెంట పడుకున్న పగులు కనిపించకుండా దాక్కుంటుంది, అందుకని రెండో దిక్కు, అని చెప్పాం. ఆయన ఓపిగ్గా విని, "అయితే అన్ని పగుళ్లూ ఒకే దిక్కున వచ్చేలా డిజైనువాళ్లతో మాట్లాడొచ్చుగా?" అన్నారు. ఇది నేను కల్పించానని మీరనుకుంటారు. కల్పించగలిగితే నేనీ ఉద్యోగం చేస్తూ ఉండేవాణ్ని కాదు.

సారుకు చదువు లేదనుకోకండి. ఒక ఉదాహరణ బాగా కంఠతా పట్టి వచ్చారు. 2005 సెప్టెంబర్ 21న జెట్‌బ్లూ వారి ఎయిర్‌బస్ ఎ320 ఒకటి ముందు చక్రాలు 90 డిగ్రీలు పక్కకు తిరిగిపోయి, లాస్ ఏంజెలెస్‌లో నిప్పులు చిమ్ముతూ దిగింది. లోపల 146 మంది. సీటు ముందున్న టీవీల్లో తమ విమానం గురించిన వార్తలే చూస్తూ కూర్చున్నారు పాపం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చక్రాలు తిరక్కుండా పట్టుకునే రెండు కొక్కేలు లోహపు అలసటతో విరిగాయి. ఎందుకలిసిపోయాయి? దిగబోయే ముందు ప్రతిసారీ స్టీరింగ్ వ్యవస్థ తనను తాను పరీక్షించుకునేది. ఆ పరీక్షలకే అలిసిపోయాయి. "చూశారా, పరీక్షలే కొంప ముంచుతాయి!" అన్నారు సారు. నిజమే, ఒప్పుకోక తప్పదు. అదే పనిగా కుదిపే పరీక్షకు, కళ్లతో చూసే తనిఖీకి తేడా అడగబోయాను గానీ ఆయన అప్పటికే ఓవెన్ దగ్గరికి వెళ్లిపోయారు.

ఓవెన్ దగ్గర నాకు నవ్వు ఆగిపోయింది.

తుప్పు పట్టకుండా ఉక్కుకు కాడ్మియం పూత పెడతాం. ఆ పూత పట్టించే పనిలో హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. దాన్ని బయటికి పంపడానికి సుమారు 190 డిగ్రీల వేడిలో 23 గంటలు ఉంచాలి. సారు అడిగారు: "12 సరిపోవా?"

సరిపోవచ్చు సార్. భాగం చక్కగా మెరుస్తూ బయటికొస్తుంది. కొలతలన్నీ సరిపోతాయి. అయస్కాంతం పెట్టి చూసినా ఏమీ దొరకదు, ఎందుకంటే పగులు ఇంకా పుట్టలేదు. హైడ్రోజన్ తొందరపడదు. బరువు మోస్తున్న ఉక్కు లోపల కూర్చుని, గంటలు గానీ రోజులు గానీ ఆగి, ఏ కుదుపూ లేకుండా నిలబడ్డచోటే విరగ్గొడుతుంది. అప్పటికి మీరు మిగిల్చిన 11 గంటలు ఏదో బహుమతి కింద మారిపోయి ఉంటాయి. ఆ ఓవెన్ తలుపు మూసిన కుర్రాడి సంతకం మాత్రం ఫైల్లో భద్రంగా ఉంటుంది, విచారణకు పిలవడానికి.

ఇది ఉత్త బెదిరింపు కాదు. 2016 అక్టోబర్ 28న ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఫెడెక్స్ వారి ఎండీ-10 సరకు విమానం దిగుతూ ఉండగా ఎడమ కాలు విరిగింది. రెక్క నేలకు రాసుకుని మంటలు లేచాయి. లోపలున్న ఇద్దరూ బతికి బయటపడ్డారు. తీరా చూస్తే ఆ సిలిండర్‌కున్న ఒక చిన్న రంధ్రంలో ఉండాల్సిన కాడ్మియం పూత లేదు. అక్కడ తుప్పు గుంట పడింది, గుంటలోంచి పగులు పుట్టింది. తయారీదారు 8 ఏళ్లకోసారి ఓవర్‌హాల్ చేయమంటే, సంస్థ దాన్ని 9 చేసుకుంది. కాలు 8 దాటాక, 9 రాకముందు విరిగింది. గడువు పెంచడానికి తగినంత సమాచారం, విశ్లేషణ లేవని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. 8 తీసి 9 రాయడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది సార్? దాన్ని స్టాప్‌వాచ్‌తో ఎవరైనా కొలిచారా?

ఇంకొకటి కూడా చెప్పనివ్వండి, ఇది కాలి కథ కాదు, ఇంజిన్ కథ. కానీ అదే చీకటి గది, అదే పచ్చటి వెలుగు. 1989 జూలై 19న యునైటెడ్ 232 విమానంలో తోక ఇంజిన్‌లోని టైటానియం ఫ్యాన్ డిస్కు గాల్లో పగిలి, మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. అమెరికాలోని సూ సిటీలో దిగబోతూ కూలి 112 మంది చనిపోయారు. ఆ డిస్కును అంతకు ఏడాదికి పైగా ముందే తనిఖీ చేశారు. అప్పటికే పగులు దాదాపు అరంగుళం పొడవుంది. చూసినవాళ్లకు కనిపించలేదు. కాగితం మీద మాత్రం అంతా సవ్యం. గంటల తరబడి ఏమీ దొరకని చోట అదే శ్రద్ధతో కన్ను నిలపడం మనిషికి ఎంత కష్టమో ఆ దర్యాప్తే చెప్పింది. అలాంటి కంటి మీదకు గడియారం పట్టుకుని ఎక్కుతారా? ఎక్కి, "ఏమీ దొరకలేదు కదా" అంటారా? ఏమీ దొరకలేదు అని రాయడానికి ముందు ప్రతి అంచూ, ప్రతి రంధ్రం, ప్రతి మలుపూ నిజంగా చూసి ఉండాలయ్యా! చూడకుండా కూడా అవే అక్షరాలు రాయొచ్చు. సగం సమయంలో రాయొచ్చు. మీక్కావలసింది ఆ అక్షరాలే అయితే దానికి ఇన్‌స్పెక్టర్ దేనికి, రబ్బరు ముద్ర చాలు.

సరే. గొంతు పెంచినందుకు మన్నించాలి. కాలమ్ మర్యాద తప్పింది.

సారు నివేదిక పోయిన వారం వచ్చింది. మంచి కాగితం, గట్టి అట్ట, చివరి పేజీలో నీలం సిరాతో సంతకం. దిగువన ఒక కొత్త ఫారం కూడా జతచేశారు, అందులో ఒక గడి పేరు "ఫలితం లేని తనిఖీ సమయం". అది రోజూ నింపాలి. పెద్దాయన నివేదిక చేతిలోకి తీసుకుని, ఏమీ మాట్లాడకుండా చీకటి గదిలోకి నడిచాడు. వెనకే వెళ్లాను. తలుపు వేశాడు. నిమిషంపాటు నిలబడ్డాడు, ఊరకనే. దీపం వెలిగించాడు.

కాగితం నీలంగా మెరిసింది. సంతకం పక్కన, బొటనవేలంత, పచ్చగా.

పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, దీపాన్ని ఇంకొంచెం దగ్గరికి పట్టి, అంచులన్నీ ఓపిగ్గా చూశాడు. తర్వాత కొత్త ఫారం తీసి రాశాడు: "ఇండికేషన్లు: 1. స్థానం: చివరి పేజీ, సంతకానికి కుడివైపు. నిర్ణయం: వాడకానికి పనికిరాదు, తీసివేయవలెను."

పట్టిన సమయం గడిలో నాలుగు నిమిషాలు వేశాడు.