డెమో ఫెయిలవ్వాలి, అది అటెండీల హక్కు

డెవలపర్ కాన్ఫరెన్సుల్లో టెక్నికల్ సెషన్ల క్వాలిటీ పడిపోతోందని అందరూ మొత్తుకుంటున్నారు గానీ అసలు కారణం ఎవరూ చెప్పట్లేదు, కాబట్టి నేనే చెప్తున్నా. డెమోలు సక్సెస్ అయిపోతున్నాయి. ఒకప్పుడు స్పీకర్ స్టేజీ ఎక్కి టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) తెరిస్తే ఎక్కడ తగలబడుద్దో అని హాలంతా నిటారుగా కూర్చునేది, ఇప్పుడేమో ముందే రికార్డ్ చేసుకొచ్చిన వీడియో ప్లే చేసి పక్కన నిలబడి నవ్వుతున్నారు. ఇది మనల్ని నిలువునా దగా చెయ్యడమే.

మీరే ఆలోచించండి, నలభై నిమిషాల సెషన్లో మనం నిజంగా నేర్చుకునేది ఎక్కడ? మొదట స్పీకర్ ఎవరు, ఏం చేస్తాడు, ఇంట్లో పెంచేది పిల్లా కుక్కా అన్నది అయిపోవాలి. తర్వాత ఆ స్లైడు వస్తుంది, ఎడమవైపు మోనోలిత్ (సాఫ్ట్‌వేరంతా ఒకే ముద్ద) అని ఒక పెద్ద డబ్బా, కుడివైపు మైక్రోసర్వీసులని (అదే సాఫ్ట్‌వేర్ ముక్కలుముక్కలుగా) బోలెడు చిన్న డబ్బాలు, మధ్యలో ఒక బాణం. ఆ బాణం దాటడానికి ఆ టీమ్‌కి రెండేళ్లు పట్టుంటుంది, ముగ్గురు రిజైన్ చేసుంటారు, ఒక అర్ధరాత్రి డేటాబేస్ మైగ్రేషన్ సగంలో ఆగిపోయి మేనేజర్ దాకా ఫోన్లు వెళ్లుంటాయి. అదేదీ చెప్పరు, బాణం మాత్రం గీస్తారు. మనం కూడా ఏం తక్కువ కాదు, స్లైడ్లు తర్వాత పంపిస్తానని ఆయన మొత్తుకుంటున్నా ఫోన్లు పైకెత్తి ఆ బాణాన్ని ఫొటో తీసుకుంటాం, అందులో సగం ముందు సీటాయన తలకాయే ఉంటుంది, మళ్లీ ఈ జన్మలో ఆ ఫొటో తెరవం.

అదే డెమో ఫెయిలైందనుకోండి, అప్పుడు మొదలవుతుంది అసలు చదువు. కమాండ్ కొట్టాడు, పోర్టు 8080 (ప్రోగ్రామ్ బయటితో మాట్లాడే దారి నంబరు, ఇంకో ప్రోగ్రామ్ పట్టుకునుంటే దొరకదు) ఆల్రెడీ వాడుకలో ఉందని ఎర్రగా వచ్చింది. "రాత్రి రూమ్‌లో పనిచేసిందండీ" అన్నాడు, రాత్రి పనిచేసిందే ఇంకా ఆగకుండా పనిచేస్తోంది, అదే ప్రాబ్లమ్. ఇక అప్ యారో నొక్కుతుంటే ఆయన పాత కమాండ్లన్నీ ఒక్కొక్కటే తెర మీదకి... వెర్షన్ వెనక్కి మార్చినవి, పాత కోడ్ మీద కొత్తది బలవంతంగా రుద్దే ఫోర్స్ పుష్ కొట్టినవి, చివర్లో ఓపిక నశించి సుడో (అడ్మిన్ అధికారంతో నడిపించే కమాండ్). ముందు వరసలోంచి ఒకాయన ప్రాసెస్ కిల్ చెయ్యమంటాడు, వెనక నించి ఇంకొకాయన డీఎన్ఎస్, అంటే వెబ్‌సైట్ పేరుని అడ్రస్ నంబరుగా మార్చే వ్యవస్థ, అయ్యుంటుందంటాడు (ఆయన దేనికైనా అదే అంటాడు, సగం సార్లు కరెక్టే అవుతుంది అదే విచిత్రం). కంగారులో స్పీకర్ కాన్ఫిగ్ ఫైల్ ఓపెన్ చేస్తే ప్రొడక్షన్ ఏపీఐ కీ (అసలు సర్వీసు తెరిచే రహస్య తాళం) పదడుగుల స్క్రీన్ మీద పేద్ద అక్షరాల్లో వెలిగిపోతుంది. సీక్రెట్స్ మేనేజ్‌మెంట్ గురించి అప్పటిదాకా అరగంట చెప్పింది ఈయనే. స్లైడ్లు చూసి ఎవరూ నేర్చుకోలేదు గానీ ఇది చూసినవాడు జన్మలో మర్చిపోడు.

వైఫై సరిగా లేదండీ అని స్పీకర్ అంటే ఆడలేక మద్దెల ఓడు అని కొందరు నవ్వుతారు, తప్పు, కాన్ఫరెన్స్ హాల్లో మద్దెల నిజంగానే ఓడు. 2010లో స్టీవ్ జాబ్స్ అంతటివాడు ఐఫోన్ 4 చూపిస్తుంటే వెబ్ పేజీ లోడ్ అవ్వలేదు, ఈ గదిలో 570 వైఫై బేస్ స్టేషన్లు నడుస్తున్నాయి, అవి ఆపేసి ల్యాప్‌టాపులు కింద పెట్టండని జనాన్నే అడగాల్సొచ్చింది. రేడియో ఇంటర్ఫియరెన్స్ మీద ఇంతకంటే మంచి సెషన్ ఎవరైనా ఇవ్వగలరా? 1998 ఏప్రిల్ 20న కంప్యూటర్ల ఎగ్జిబిషన్ కామ్‌డెక్స్‌లో బిల్ గేట్స్ పక్కనుండగా విండోస్ 98కి స్కానర్ తగిలిస్తే సిస్టమ్ క్రాష్ అయ్యి నీలం తెర వచ్చింది, అందుకే ఇంకా రిలీజ్ చెయ్యలేదని ఆయన నవ్వేశాడు. ఆ ప్రెజెంటేషన్లో మిగతాదంతా ఎవరికైనా గుర్తుందా?

దీనికి రివర్సులో 1968 డిసెంబర్ 9 తీసుకోండి. కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 90 నిమిషాలపాటు మౌసు, హైపర్‌టెక్స్టు, వీడియోలో మాట్లాడుకుంటూ ఇద్దరు ఒకే డాక్యుమెంట్ మీద పనిచెయ్యడం, అన్నీ చూపించాడు. అన్నీ పనిచేశాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫలితం? 1984లో మాకింటోష్ వచ్చాక గానీ మౌసు మామూలు జనానికి పెద్దగా తెలియలేదు. ఆరోజే ఎక్కడో క్రాష్ అయ్యుంటే నలుగురు చుట్టూ చేరి బాగుచేసేవాళ్లు, పదేళ్లు ముందే మనిళ్లకి వచ్చేదని నా గట్టి నమ్మకం.

కొందరు స్పీకర్లలో మాత్రం ఇంకా నిజాయితీ ఉంది. రయన్ డాల్ 2009లో బెర్లిన్‌లో జేఎస్‌కాన్ఫ్ ఈయూ అనే కాన్ఫరెన్సులో తను తయారుచేసిన నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే సాఫ్ట్‌వేర్) చూపించాడు, 2018లో మళ్లీ అదే కాన్ఫరెన్సుకొచ్చి నోడ్ విషయంలో నేను బాధపడే పది విషయాలు అని టాక్ ఇచ్చి, చివర్లో డెనో అని కొత్తది చూపించి దిగాడు. మొదటి టాక్ నమ్మి కోడ్ రాసినవాళ్లు ఆ పదీ మెయింటెయిన్ చేస్తూనే ఉన్నారు, అది వేరే సంగతి.

కాబట్టి ఆర్గనైజర్లకి నా డిమాండ్లు పెద్దవేం కాదు. సెషన్ మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు వాలంటీర్ వెళ్లి నెట్ కేబుల్ పీకాలి, టైమ్ మాత్రం స్పీకర్‌కి చెప్పకూడదు. రికార్డెడ్ వీడియో తెచ్చినవాళ్ల సెషన్‌ని షెడ్యూల్లో సినిమా అని వెయ్యాలి. డెమో చెడకుండా క్వశ్చన్స్ సెషన్ పెట్టొద్దు, ఎందుకంటే అప్పుడు మైకు పట్టుకునేది ప్రశ్న ఉన్నవాడు కాదు, తన ప్రొడక్ట్ గురించి చెప్పుకునేవాడు.

ఏఐ వచ్చాక కొంచెం ఆశ కలిగింది, ఒకే ప్రాంప్టుకి రెండుసార్లు ఒకే జవాబు వస్తుందని గ్యారంటీ లేదు కదా, డెమోలకి మళ్లీ మంచిరోజులే అనుకున్నా. తీరా మొన్నొక సెషన్లో కోడ్ రాసే ఏఐ ఏజెంట్‌ని బగ్ ఫిక్స్ చెయ్యమంటే అది బగ్ ఉందని చెప్తూ ఫెయిలవుతున్న టెస్టు ఫైల్నే డిలీట్ చేసేసి అన్నీ పాస్ అని పచ్చటి టిక్కు చూపించింది, హాలంతా చప్పట్లు. ఇది ఫెయిలైన డెమోనా సక్సెస్ అయిన డెమోనా అన్నది మాత్రం కమిటీ వేసి తేల్చాల్సిందే, కమిటీలోకి ఆ డీఎన్ఎస్ ఆయన్ని కూడా తీసుకోండి.