చెట్టు వేషం ఎవరికి?

బడి వార్షికోత్సవంలో నాటిక అంటే పాత్రల పంపకం దాదాపు ముందే తేలిపోయి ఉంటుంది. గడగడా చదివేవాడు రాజు, గొంతున్న పిల్ల రాణి. మాట తడబడేవాడికి, చక్రాల కుర్చీలో వచ్చేవాడికి, చెప్పింది కాస్త ఆలస్యంగా అందుకునే పిల్లకు చెట్టు వేషం. కొమ్మ పట్టుకుని నాటిక అయ్యేదాకా నిలబడాలి. 'అందరికీ అవకాశమిచ్చాం' అని రాసుకోవడానికి పనికొస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంతో గుర్తింపు పొందిన వైకల్యాలు 7 నుంచి 21కి పెరిగాయి. చదువులోనే కాదు, ఆటపాటల్లోనూ మిగతా పిల్లలతో సమానంగా అవకాశం ఉండాలని అందులోని 16వ సెక్షన్ అంటోంది. కొమ్మ మోయడం ఆ లెక్కలోకి రాదు.

టీచర్లకు మనసు లేక కాదు, పద్ధతే అలా అలవాటైంది. పిల్లలు చిన్నవాళ్లయితే డైలాగులు కత్తిరిస్తాం, చేతకాదనుకుంటే పాత్రను కత్తిరిస్తాం. నిజానికి కథను ముట్టుకోనక్కర్లేదు. అందులో ఎవరు ఏ పని చేస్తారన్నది మారిస్తే చాలు. అందరికీ తెలిసిన ఆవు-పులి కథనే తీసుకుందాం.

ఒకటి, రెండు తరగతుల్లో పులి టీచరే. భుజాన తువ్వాలు వేసుకుంటే పులి, తీసేస్తే టీచర్. తరగతి మొత్తం దూడలు. చూసేవాళ్లు ఉండరు, వంతులూ ఉండవు. ఆ వయసు పిల్లల్ని వంతు కోసం కూర్చోబెడితే మూడు నిమిషాల్లో పక్కవాడి జుట్టు చేతికొస్తుంది. అసలు గొడవ పులి కదిలినప్పుడు మొదలవుతుంది. ముప్పై మంది ఒక్కసారిగా పరుగు తీస్తే బల్ల అంచుకు నుదురు తగలడం ఖాయం. అందుకే ముందే సుద్దతో గీత గీసి, పులి అది దాటదని చెప్పాలి. పరుగు కూడా మోకాలి లోతు నీళ్లలో నడిచినట్టు ఉండాలి. ఎవరైనా నిజంగానే జడిసి ఏడిస్తే, తువ్వాలు తీసి ఆ పిల్ల చేతికే ఇవ్వండి. పులిని ఎప్పుడు లేపాలో ఇక ఆ పిల్ల ఇష్టం.

మూడు నుంచి ఐదు వరకు నలుగురేసి జట్లు. కథలో మూడు ఘట్టాలకు మూడు 'స్టాచ్యూ'లు, అంటే ఆ ఘట్టాన్ని చూపిస్తూ బొమ్మల్లా కదలకుండా నిలబడాలి. టీచర్ ఎవరి భుజం తడితే వాళ్లు తమ పాత్ర మనసులో మాట ఒక్క వాక్యంలో చెప్పాలి. తయారీకి ఐదు నిమిషాలిస్తే, అందులో నాలుగు 'పులి ఎవరు' అన్న తగవుకే పోతాయి. పులిని ఇద్దరికి పంచితే సరి: ఒకరు ఒళ్లు, ఒకరు గొంతు. తోలుబొమ్మలాటలో బొమ్మ తెర మీద, గొంతు తెర వెనక ఉన్నట్టే. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడు పులి గొంతు కావచ్చు, కుర్చీతో సహా పులి ఒళ్లూ కావచ్చు. ఏది కావాలో వాణ్నే అడగాలి. నత్తి ఉన్న పిల్లలకు చాలామట్టుకు నలుగురితో కలిసి ఒకే లయలో పలికితే మాట తేలిగ్గా వస్తుంది. అందుకని పులి గొంతును ముగ్గురికీ ఇవ్వొచ్చు.

ఎనిమిదో తరగతి అబ్బాయిని ఆవులా నాలుగు కాళ్లపై నడవమంటే గది గొల్లుమంటుంది. వాడు ఆ ఏడాదంతా మళ్లీ నాటకం వైపు చూడడు. హైస్కూల్లో కథను పంచాయితీకి ఎక్కించాలి. పులి ఆకలి నిజం, దూడ ఆకలీ నిజం. ఆవు తిరిగి రాకపోతే పూచీ ఎవరిది? తరగతి రెండు వరుసలుగా నిలబడాలి. పులి మధ్యలోంచి నడుస్తుంటే ఒక వరుస 'వదిలెయ్' అని, రెండోది 'వదలకు' అని కారణాలు చెప్పాలి. వరుసల్ని పిల్లలకే వదిలేస్తే ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు, ఒక్కోచోట వాడలవారీగానూ చీలిపోతారు. రోల్ నంబర్లు సరి, బేసి అని విడదీయండి.

ఒక్క టీచరే ఐదు తరగతులూ చూసే బడికి ఇదేమీ భారం కాదు. చిన్నవాళ్లు దూడలు, మధ్యవాళ్లు స్టాచ్యూలు, ఐదో తరగతి పంచాయితీ పెద్దలు. అంతా ఒక్క పీరియడే.

చూపు లేని పిల్లకు ఆట మొదలయ్యేముందే గదంతా ఒకసారి నడిపించి చూపాలి. సుద్దగీత ఆమెకు తెలియదు కాబట్టి సన్నటి తాడు పరిచి, పైన టేపు అంటిస్తే కాలికి తగిలి హద్దు తెలుస్తుంది. వినిపించని పిల్లవాడికి చప్పట్లతో సైగ చేసి లాభం లేదు, ఎర్రగుడ్డ ఎగరెయ్యాలి. టీచర్ కిటికీకి వీపు పెట్టి నిలబడితే వెలుతురు వెనకనుంచి పడి పెదవులు కనబడవు. ఇది చాలామంది గమనించరు. ఆటిజం ఉన్న కొందరు పిల్లలు కంజిర మోతకే చెవులు మూసుకుంటారు. మోత తగ్గించి, తర్వాత ఏం జరుగుతుందో నాలుగు బొమ్మల్లో ముందే చూపిస్తే కుదుటపడతారు. ఆలస్యంగా అందుకునే పిల్లను ప్రశ్న అడిగాక, జవాబు మనమే అందించే ముందు మనసులో పది లెక్కపెట్టండి. పదీ పూర్తికాకముందే మన నోరు ఊరుకోదు, అదే తంటా.

ఇంతా చేసినా ఎవరైనా చెట్టే కావాలంటే కాదనకండి. ఆవు మాట ఇచ్చింది దాని కిందే, చూసిన సాక్షి అదొక్కటే. పంచాయితీలో చెట్టును పిలిచి అడగండి. మాటలు రాని పిల్లైతే ఒక చేతికి పచ్చ అట్టముక్క, రెండో చేతికి ఎర్రది ఇచ్చి, అవునో కాదో తేలే ప్రశ్నలే వెయ్యమనండి. 'ఆవు ఒట్టు పెట్టిందా?' 'పులి నవ్విందా?' ఏ అట్ట లేస్తుందో తెలిసేదాకా తీర్పు ఆగుతుంది.