ఇటుకల మీద ఇల్లు నిలుస్తుంది, కారు నిలవదు

‘మెకానిక్‌తో పని లేకుండా కారు కింద పని: తొమ్మిది రహస్యాలు’ అనే సందేశాన్ని కొంతకాలంగా మిత్రులు ఒకరి తర్వాత ఒకరు నాకు పంపుతూనే ఉన్నారు. ఆయిల్ మార్చడం, బ్రేకు ప్యాడ్లు వేయడం వంటి పనులు ఇంట్లో చేసుకోవడం మీద నాకు అభ్యంతరమేమీ లేదు; నేనూ చేసుకుంటాను. నా అభ్యంతరమల్లా, కారును పైకి ఎత్తడమూ ఎత్తిన కారును నిలిపి ఉంచడమూ ఒకటే పని అన్నట్లు ఈ సందేశం నడవడం మీదనే. పంపినవారందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక, కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి రహస్యం: కారుతో పాటు వచ్చే స్క్రూ జాకీలో నూనె ఉండదు, కాబట్టి అది కారిపోయి దిగదు, కాబట్టి దాని మీద కారును ఉంచి నిశ్చింతగా కిందికి వెళ్లవచ్చు. ఇందులో సగం నిజం. నూనె ఒత్తిడితో ఎత్తే హైడ్రాలిక్ జాకీలో సీలు అరిగినా, వాల్వులో నలుసు ఇరుక్కున్నా బరువు మెల్లగానో ఒక్కసారిగానో దిగుతుంది. స్క్రూ జాకీకి ఆ జబ్బు లేదు. అయితే స్క్రూ జాకీతో వచ్చే ప్రమాదం దిగిపోవడం వల్ల కాదు, ఒరిగిపోవడం వల్ల. దాని పాదం చిన్నది. ఎత్తు పెరిగినకొద్దీ పక్కకు తోసే బలానికి మరింత సులువుగా లొంగుతుంది. తుప్పు పట్టిన బోల్టును కింద పడుకుని స్పానర్‌తో లాగేటప్పుడు పుట్టేది సరిగ్గా ఆ పక్క బలమే. అది చక్రం మార్చడానికి ఇచ్చిన పనిముట్టు అనీ, కారు జాకీ మీద మాత్రమే ఉన్నప్పుడు కిందికి దూరవద్దనీ కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. ‘కంపెనీ ఇచ్చిన జాకీ కదా’ అని వాదించేవారు కంపెనీ ఇచ్చిన పుస్తకాన్ని కూడా ఒకసారి తెరిస్తే బాగుంటుంది.

రెండోది, చేతికి బరువుగా తగిలే జాకీయే బలమైన జాకీ అనేది. జాకీ మీద ముద్రించిన సామర్థ్యాన్ని చదవగలిగినవారికి ఈ రహస్యంతో పని లేదు.

మూడోది, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులోనో ఆటోమేటిక్ అయితే పార్కులోనో ఉంచితే చక్రాలకు అడ్డు దిమ్మలు అక్కర్లేదు అనేది. వినడానికి సబబుగానే ఉంటుంది కాబట్టి దీనిని కాస్త విప్పి చూడాలి. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేది వెనుక చక్రాలను. వెనుక భాగాన్ని పూర్తిగా ఎత్తితే ఆ బ్రేకు గాలిలో ఉన్న చక్రాలను మాత్రమే పట్టుకుని ఉంటుంది, కారును కాదు. అప్పుడు గేరు ఆపుతుంది కదా అంటారు. ముందు చక్రాలు రెండూ నేల మీద ఉన్నంతవరకు, అవే ఇంజిన్ తిప్పే చక్రాలైతే, నిజంగానే ఆపుతుంది. అదే కారులో గేరునే నమ్ముకుని ముందు చక్రం ఒక్కదానిని ఎత్తి చూడండి: రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, అంటే డిఫరెన్షియల్, ఉన్నందువల్ల, పైన ఉన్న చక్రం వెనక్కి తిరుగుతూ కింద ఉన్న చక్రాన్ని ముందుకు దొర్లనిస్తుంది, గేరు గేరులోనే ఉంటుంది. అందుకే ఏ కొస ఎత్తితే దానికి ఎదురు కొసలోని చక్రాలకు ముందూ వెనుకా గట్టి దిమ్మలు పెట్టాలి. పక్కన దొరికిన గులకరాయి దిమ్మ కాదు.

ఇక నాలుగోది, జాకీ స్టాండ్ల గురించి, అంటే ఎత్తిన కారు కింద పెట్టి దాని బరువును మోయించే ఉక్కు కాళ్ల గురించి. ఈ సందేశం మీద నాకు వచ్చిన కోపంలో ముప్పావు వంతు దీనికే చెందుతుంది. ‘జాకీ స్టాండ్లు అమ్ముకునేవారి మాయ. మీ ఇల్లు మొత్తం ఇటుకల మీద నిలబడి ఉంది, కారెంత? నాలుగు ఇటుకలు పేర్చండి, లేదా ఒక సిమెంట్ బ్లాకు పెట్టండి’ అని ఇందులో ఉంది. మిత్రులు మెచ్చుకుని పంపినది కూడా ఈ వాక్యం కోసమే. చమత్కారంగా ఉంది కదా, మరి.

గోడలో ఇటుక బరువు మోసే తీరు వేరు. అక్కడ పై వరుస బరువు సున్నంలోనో సిమెంటులోనో కూర్చిన పొర ద్వారా ఇటుక ముఖమంతటా పరుచుకుని దిగుతుంది, పక్క ఇటుకలు దానిని కదలనివ్వవు. కారు కింద పెట్టిన ఇటుకకు ఆ పొరా లేదు, ఆ పొరుగూ లేదు. దాని నెత్తి మీద కూర్చునేది తలుపుల కింద రేకులు కలిపి వెల్డింగ్ చేసిన సన్నని అంచు. వందల కిలోల బరువు కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు గీత మీద పడుతుంది. కింద నేల ఏ కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా ఇటుక వంగవలసి వస్తుంది, వంగడం దానికి రాదు. కాంక్రీటు నొక్కుడును తట్టుకునే బలంలో సుమారు పదో వంతు మాత్రమే లాగుడును తట్టుకుంటుంది. వంపు అంటే ఒక వైపు లాగుడే. లోపల గుల్లగా ఉండే బ్లాకు అయితే ఆ గీత సన్నని గోడల మీద పడుతుంది, దానిని పక్కకు పడుకోబెడితే ఇంకా బలహీనం. పేర్చిన ఇటుకలైతే విరగనవసరం కూడా లేదు, జారితే చాలు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది విరిగే పద్ధతి. ఉక్కు సాధారణంగా ముందు వంగి హెచ్చరిస్తుంది. ఇటుకా, కాంక్రీటూ చివరి క్షణం దాకా చెక్కుచెదరనట్లే కనిపించి, ఆ పైన ఒక్కసారిగా ముక్కలవుతాయి. లోపలి పగులు కంటికి కనపడదు. నిన్న మోసింది కాబట్టి నేడూ మోస్తుందనే హామీ దాని దగ్గర లేదు. ఈ విషయం రచయితకు కూడా ఎక్కడో తోచి ఉంటుంది, ఎందుకంటే వెంటనే ఐదో రహస్యంగా ఒక విరుగుడు చెప్పారు: ‘పగిలే చప్పుడు వినగానే పక్కకు దొర్లి బయటికి రండి, అయినా ఒక మూల మీద ఉండేది మూడు నాలుగు వందల కిలోలే, కారు మొత్తం మీ మీద పడదు.’ ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడే వస్తువుకు నేల చేరడానికి పట్టే సమయం పావు సెకను. చప్పుడు చెవిన పడి, మెదడుకు అర్థమై, కండరం కదలడం మొదలయ్యేసరికి దాదాపు అంత కాలమూ గడిచిపోతుంది. దొర్లడం ఆ తర్వాతి కార్యక్రమం. పాదరసం లాంటి పాఠకులను ఉద్దేశించి రాశారేమో తెలియదు. ఆ ‘మూడు నాలుగు వందల కిలోలే’ అన్న లెక్క మాత్రం సరైనదే: పన్నెండు వందల కిలోల కారులో బరువు అరవై శాతం ముందు ఉంటే ఒక్కో ముందు మూలకు 360 కిలోలు వస్తాయి. అంత బరువు ఛాతీ మీద నిలిస్తే పక్కటెముకలు లేవవు, ఊపిరి లోపలికి పోదు, అరవడానికీ గాలి ఉండదు. నిమిషాల్లో ప్రాణం పోవడానికి కారు మొత్తం పడనవసరం లేదు.

ఆరోది, ఇంజిన్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద జాకీ పెడితే ముందు చక్రాలు రెండూ ఒకేసారి లేస్తాయనేది. లేస్తాయి, సంప్ కూడా లోపలికి లేస్తుంది. ఎత్తవలసిన చోట్లు పుస్తకంలో బొమ్మతో ఉంటాయి. కింద బ్యాటరీ పరిచి ఉండే ఎలక్ట్రిక్ కారు అయితే ఆ బొమ్మ చూడకుండా జాకీని ముట్టుకోకూడదు.

ఏడోదాన్ని చదివి కాసేపు మాట రాలేదు: ‘కారును ఎత్తి నిలిపాక దానిని తాకవద్దు, కదపవద్దు, కదిపితే పడిపోవచ్చు. మెల్లగా కిందికి జారుకోండి.’ అంటే, పడిపోవచ్చునని తెలిసిన కారు కిందికి, అది గమనించకుండా, నెమ్మదిగా వెళ్లాలన్నమాట. స్టాండ్ల మీదికి బరువు దించిన తర్వాత, ఇంకా బయటే నిలబడి, కారును పక్కకూ ముందుకూ వెనక్కూ చేతులతో గట్టిగా తోసి చూడాలి. స్టాండు కాలు నేలను వదిలిందా, అంచు మీద సరిగా కూర్చోలేదా, ఎండకు మెత్తబడిన తారులోకి కాలు దిగుతోందా అన్నవన్నీ అప్పుడే బయటపడతాయి. పడేదైతే అప్పుడే పడనివ్వండి. రేకు సొట్టపోతుంది, అంతే. కదపకుండా కిందికి వెళ్లి బిగిసిన బోల్టును లాగినప్పుడు ఆ పరీక్ష ఎలాగూ జరుగుతుంది, కాకపోతే పరీక్షకుడు అడుగున ఉంటాడు.

ఎనిమిదోది, విప్పిన చక్రాన్నో స్టెప్నీనో కారు అంచు కింద పడుకోబెట్టమనడం. కారు పడినా ఆ చక్రం మీద ఆగుతుంది కాబట్టి ఇది మంచి సలహా, ఈ సందేశంలోకి ఎలా వచ్చిందో తెలియదు. అయితే స్టాండుకు బదులుగా కాదు, స్టాండుతో పాటుగా.

చివరిది, స్టాండ్లు మాత్రం విరగవా అన్నది. ఎగతాళి చేద్దామనే అనుకున్నాను, కానీ ఇక్కడ రచయిత చెప్పింది నిజం. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ తన పిట్స్‌బర్గ్ బ్రాండు మూడు టన్నుల, ఆరు టన్నుల స్టాండ్లను వెనక్కి పిలిపించింది. స్టాండు ఎత్తును నిలిపే పళ్లకూ వాటిని పట్టే కొక్కేనికీ తగినంత లోతుగా పట్టు దొరకక, బరువు మీద ఉండగానే స్టాండు దిగిపోయే అవకాశం ఉన్నట్లు తేలింది. వాటికి బదులుగా కొనుక్కున్న మూడు టన్నుల స్టాండ్లలో కూడా కొన్నింటికి వెల్డింగ్ లోపం బయటపడి, అదే ఏడాది వాటినీ పిలిపించవలసి వచ్చింది. కాబట్టి స్టాండు అన్న పేరు చూసి నిద్రపోకూడదన్న మాటను ఒప్పుకుంటున్నాను. దాని నుంచి ఇటుకలకు వెళ్లిన దారిని మాత్రం ఒప్పుకోను. పళ్ల స్టాండయితే బరువు దించే ముందు కొక్కెం పూర్తిగా కూర్చుందో లేదో చూసి, పిడిని కిందికి తట్టాలి; అడ్డంగా గట్టి పిన్ను దూరే స్టాండు దొరికితే అదే తీసుకోవాలి; వెల్డింగ్ అతుకులను వెలుతురులో పరిశీలించాలి. బరువంతా స్టాండ్ల మీద కూర్చున్నాక, జాకీని అక్కడినుంచి తీసేయకుండా ఎత్తే చోటును తాకీ తాకనట్లు ఉంచి, ఆ ఎనిమిదో రహస్యంలోని చక్రాన్ని అంచు కిందికి తోయాలి.