కొండవీడు ఎవరి సొత్తు?

ఘాట్ రోడ్డు వేశాక కొండవీడు కోటకి జనం బాగా వస్తున్నారు. మంచిదే. కానీ పైకెళ్లి బురుజు మీద నిలబడి ఫొటో దిగి, "మా రాజులు, మా కోట" అని మీసం మెలేసే పోస్టులు చూస్తే ఒళ్లు మండుతుంది.

రెడ్డిరాజుల్లో అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి ఇక్కడికి మార్చాడు. తర్వాత అనవేముడు, కుమారగిరి. కుమారగిరి వసంతోత్సవాల వైభవం గురించి గంటలు గంటలు చెబుతారు. ఆ ఉత్సవాలకి కర్పూరం, కస్తూరి తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి పేరు మాత్రం ఎవరి నోటా రాదు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే!

1402లో కుమారగిరి పోగానే కొండవీడు పెదకోమటి వేమారెడ్డి చేతికొచ్చింది. రాజమహేంద్రవరాన్ని ఏలింది కుమారగిరి బావమరిది కాటయ వేముడు. అంతా బంధువులే, అయినా కత్తులు దూసుకున్నారు. ఇందులో "మన" ఎవరు, "వాళ్లు" ఎవరు?

ఇక చివరివాడు రాచవేముడు. పిల్ల పుడితే పన్ను, పురిటి సుంకం వేశాడని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. అది కట్టలేక కడుపు మండిన సవరం ఎల్లయ్య అతన్ని పొడిచి చంపాడట. ఇది మాత్రం గర్వించే పోస్టుల్లో ఎక్కడా కనపడదు. నన్నడిగితే కోట ముందు మొదటి బోర్డు మీద రాయాల్సింది ఎల్లయ్య కథే.

పైగా ఇక్కడ రెడ్డిరాజుల పాలన 1424 నాటికే అయిపోయింది. మొత్తం కలిపితే డెబ్బై ఏళ్లు. ఆ తర్వాత విజయనగరం వాళ్లు, గజపతులు వచ్చారు. 1515లో తిమ్మరుసు ముట్టడితో కోట మళ్లీ రాయల వశమైంది. అటుపైన గోల్కొండ కుతుబ్‌షాహీలు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు. ఇన్ని చేతులు మారిన కోటని ఒక్క కులం పద్దులో రాసేసుకుంటే ఎలాగండీ?

ఇంకో రకం వీరులున్నారు, గుప్తనిధుల బాపతు. రాత్రిళ్లు గునపాలతో వెళ్లి గుడి గర్భాలయాలు తవ్వేవాళ్లు. వీళ్లకి ఏ రాజు పేరూ అక్కర్లేదు.

నాకైతే కోటలో అన్నిటికన్నా గొప్పవి అక్కడి చెరువులు. ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ల చెరువు. అంత ఎత్తున నీళ్లు నిలబెట్టకపోతే గోడ ఎంత మందం కడితే ఏం లాభం? ముట్టడిలో సైన్యం దాహంతోనే లొంగిపోతుంది. వాటిని తవ్విన చేతుల గురించి ఎవరూ పోస్టు పెట్టరు. ఈసారి వెళ్తే బురుజు దగ్గరే ఆగిపోకుండా మూడు చెరువులూ చూసి రండి, తాగేసిన నీళ్ల సీసాలు మాత్రం మీతోపాటే కిందికి తెచ్చేయండి.